చదువు ఆపని వైద్యుడు యల్లాప్రగడ సుబ్బారావు

పేగులకు పట్టిన ఒకే జబ్బు కొద్ది రోజుల తేడాతో ఆ ఇంట ఇద్దరు అన్నదమ్ములను పొట్టన పెట్టుకుంది. మద్రాసు వైద్య కళాశాల గడప తొక్కిన సోదరుడు ఉండి కూడా వారిని దక్కించుకోలేకపోయారు. ఆనాటి వైద్యులకు ఆ జబ్బు పేరు తెలుసు, లక్షణాలు తెలుసు. కారణం తెలియదు, మందు అసలే తెలియదు. తర్వాత పాతికేళ్లు తిరక్కుండానో, తిరిగాకనో అమెరికాలోని ఒక మందుల కంపెనీ ప్రయోగశాలలో తయారైన పసుపుపచ్చని పొడి ఆ జబ్బు పీడితులను మంచం మీంచి లేపి కూర్చోబెట్టింది. ఆ ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతిగా ఉన్నది చనిపోయిన ఆ ఇద్దరి తోబుట్టువే. ఆయనే భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

పట్టా చేతికి రాగానే వైద్యుడి చదువు పూర్తయిందనుకుంటే రోగికి ఎంత నష్టమో సుబ్బారావు జీవితం చెబుతుంది. జీర్ణకోశ వ్యాధులకు, కాలేయ వ్యాధులకు వైద్యం చేసేవారు నేటికీ చదువుకోవలసిన పాఠాలు ఆయన కథలో అనేకం ఉన్నాయి.

గోదావరి గడ్డపై బాల్యం

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. అప్పటికి అది మద్రాసు రాజధానిలోని ఊరు. 2022లో జిల్లాల పునర్విభజన తర్వాత పశ్చిమ గోదావరికి అదే జిల్లా కేంద్రమైంది. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో సుబ్బారావు నాలుగోవారు. అనారోగ్యం వల్ల తండ్రి ముందుగానే ఉద్యోగం నుంచి విరమించడంతో కుటుంబానికి ఇబ్బందులు తప్పలేదు.

బాల్యంలో సుబ్బారావును చూసినవారెవరూ ఈయన ఇంతవాడవుతాడని అనుకుని ఉండరు. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడిస్తానని ఇల్లు విడిచి పారిపోయే ప్రయత్నం చేసిన పిల్లవాడాయన. రాజమహేంద్రవరంలో పాఠశాల చదువు సాగింది. ఇంట్లో వరుసగా సంభవించిన మరణాలు ఆ చదువును పదే పదే దెబ్బతీశాయి. చివరికి మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాల నుంచి మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. అక్కడి ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తి చేశారు.

ఆ రోజుల్లో రామకృష్ణ మిషన్ ప్రభావం ఆయనపై బలంగా ఉండేది. సన్యసించాలనే కోరిక కలిగినా తల్లి ఒప్పుకోలేదంటారు. మనుషులకు సేవ చేయడానికి వైద్యం కూడా మార్గమేనని భావించి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. చదువు ఖర్చులకు మిత్రులు చేయూతనిచ్చారు. తర్వాత ఆయనకు మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి కూడా ఆదుకున్నారు. ఆయన కుమార్తె శేషగిరిని సుబ్బారావు వివాహం చేసుకున్నారు.

ఖద్దరు తెచ్చిన తంటా

విదేశీ వస్తువులను బహిష్కరించాలని గాంధీజీ ఇచ్చిన పిలుపు దేశమంతటా మారుమోగుతున్న కాలమది. సుబ్బారావు శస్త్రచికిత్స తరగతులకు ఖద్దరుతో కుట్టించిన కోటు వేసుకుని వెళ్లారు. ఆంగ్లేయుడైన ఆచార్యునికి అది కంటగింపైంది. రాత పరీక్షల్లో బాగానే రాణించినా చివరకు సుబ్బారావుకు దక్కింది ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, అంతకంటె తక్కువస్థాయి ఎల్.ఎం.ఎస్. మాత్రమే.

ఆ తేడా కాగితం మీద చిన్నది, బతుకులో పెద్దది. మద్రాసు ప్రభుత్వ వైద్యసేవలో చేరాలని చేసిన ప్రయత్నం ఫలించలేదు. అప్పుడు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి మద్రాసులో నడుపుతున్న ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే ఉద్యోగంలో చేరారు. పాశ్చాత్య వైద్యం చదివిన యువకునికి అదొక కొత్త పాఠశాల అయింది. ఆయుర్వేద ఔషధాల గుణాలను ఆధునిక పద్ధతిలో పరిశీలించాలనే ఆసక్తి ఆయనలో అక్కడే పెరిగింది. పరీక్ష తప్పించినవారిపై పగ పెంచుకుంటూ కూర్చోకుండా, తనకు తెలియని వైద్యాన్ని తెలుసుకునే పనిలో పడ్డారు.

అన్నదమ్ములను మింగిన జబ్బు

అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఇద్దరూ స్ప్రూ అనే వ్యాధికి బలయ్యారు. ఆయుర్వేదంలో గ్రహణి, సంగ్రహణి అని చెప్పే జబ్బుల కోవలోకి ఇది వస్తుంది. ఉష్ణమండల దేశాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. రోగికి రోజుల తరబడి విరేచనాలవుతాయి. మలం జిడ్డుగా, ఎక్కువ మొత్తంలో, దుర్వాసనతో పోతుంది. నాలుక పూసి, ఎర్రబడి, కారం తగిలితే మండిపోతుంది. తిన్న తిండి ఒంటికి పట్టదు. కొద్ది నెలల్లో మనిషి ఎముకల గూడై, నెత్తురు తగ్గి, పాలిపోతాడు.

ఈ వ్యాధిలో చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. ఆరోగ్యవంతుని చిన్నపేగు లోపల మఖమలు గుడ్డ మీది నూగులాగా సన్నని మొలకలు లేచి ఉంటాయి. జీర్ణమైన ఆహారాన్ని రక్తంలోకి పీల్చుకునేది అవే. స్ప్రూ సోకినవారిలో అవి పొట్టివై చదునవుతాయి. కొవ్వు, విటమిన్లు లోపలికి చేరకుండా బయటికి పోతాయి. పేగులో సూక్ష్మజీవులు అతిగా పెరగడానికీ దీనికీ సంబంధం ఉందని తర్వాత తేలింది. సుబ్బారావు సోదరులు చనిపోయేనాటికి ఈ సంగతులేవీ వైద్యులకు తెలియవు.

అమెరికా వైద్యుడొకరితో యాదృచ్ఛికంగా కలిగిన పరిచయం సుబ్బారావు దృష్టిని విదేశీ విద్యవైపు మళ్లించింది. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సహాయం చేస్తామని మాట ఇచ్చింది. మామగారు కొంత డబ్బు సమకూర్చారు. 1920ల తొలి సంవత్సరాల్లో సుబ్బారావు ఓడ ఎక్కి అమెరికాలోని బోస్టన్ నగరం చేరుకున్నారు. భార్య ఇక్కడే ఉండిపోయారు. మళ్లీ వారిద్దరూ కలుసుకోలేదు.

రాత్రి కూలి, పగలు చదువు

హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల గురించి చదివి సుబ్బారావు డిప్లొమా పుచ్చుకున్నారు. అమెరికాలో వైద్యం చేసే అర్హత ఆయనకు లేదు. పొట్ట గడవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట కూలిపని చేశారు. డాక్టరై ఉండి రోగుల మంచాల దగ్గర చాకిరీ చేయడానికి ఆయన సిగ్గుపడలేదు.

తర్వాత జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర పరిశోధనకు కుదిరారు. రక్తంలో, మూత్రంలో, శరీర కణజాలంలో భాస్వరం ఎంత ఉందో కచ్చితంగా కొలిచే విధానాన్ని వారిద్దరూ రూపొందించి 1925లో ప్రచురించారు. పరీక్ష చేయవలసిన ద్రవానికి కొన్ని రసాయనాలు కలిపితే నీలిరంగు తేలుతుంది. రంగు చిక్కదనాన్నిబట్టి భాస్వరం పాలు తెలుస్తుంది. జీవరసాయన విద్యార్థులు తరతరాలుగా ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని నేర్చుకున్నది దీన్నే. కామెర్ల రోగిలో పిత్తనాళానికి అడ్డు ఉందా అని తెలుసుకోవడానికి చేసే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పరీక్ష తొలినాళ్లలో ఇటువంటి భాస్వరం కొలతల మీదే ఆధారపడింది.

కొలిచే సాధనం చేతికి రాగానే కొత్త సంగతులు బయటపడ్డాయి. కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని 1927లో ఫిస్కే, సుబ్బారావు ప్రకటించారు. 1929లో ఎ.టి.పి. అనే మరో పదార్థాన్ని వెలికితీశారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా స్వతంత్రంగా దాన్ని కనుగొన్నారు. ప్రాణి శరీరంలో ప్రతి కణమూ పని చేయడానికి కావలసిన శక్తి ఈ పదార్థం ద్వారానే అందుతుందని తర్వాతి పరిశోధనలు నిరూపించాయి. నేడు పదో తరగతి పిల్లలు సైతం దాని పేరు చదువుతున్నారు. దాన్ని వెలికితీసినవారిలో ఒక తెలుగువాడు ఉన్నాడన్న సంగతి తెలిసినవారు తక్కువ.

సుబ్బారావు హార్వర్డులోనే పి.హెచ్.డి. పట్టం పొందారు. అయినా అక్కడ స్థిరమైన ఆచార్య పదవి మాత్రం ఆయనకు లభించలేదు. ఆయన చేసిన కొన్ని పరిశోధనలు ఫిస్కే అసూయవల్ల వెలుగు చూడలేదని, తర్వాత నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ చాలా ఏళ్లకు వెల్లడించారు.

కాలేయంలో దాగిన మందు

కండరాల పరిశోధన జరుగుతున్న రోజుల్లోనే బోస్టన్ నగరం మరో విషయంలో వైద్య ప్రపంచాన్ని ఆకర్షించింది. పెర్నీషియస్ అనీమియా అనే రక్తహీనత అప్పట్లో మరణశాసనం లాంటిది. ఆ రోగులకు రోజూ కాలేయం తినిపిస్తే కోలుకుంటున్నారని జార్జి మైనాట్, విలియం మర్ఫీ 1926లో ప్రకటించారు. ఈ కృషికి విపుల్‌తో కలిపి వారికి 1934లో నోబెల్ బహుమతి లభించింది. కాలేయంలో ఏ పదార్థం ఉండి ఈ మేలు చేస్తున్నదో మాత్రం ఎవరికీ తెలియదు.

అదే నగరంలో విలియం కాసిల్ అనే వైద్యుడు మరో చిక్కుముడి విప్పారు. ఆరోగ్యవంతుని జీర్ణాశయంలో ఊరే ఒక పదార్థం ఈ రోగుల జీర్ణాశయంలో ఊరడం లేదని 1929లో చూపించారు. తిండిలో ఉన్న మేలైన అంశం ఒంటికి పట్టాలంటే ఆ పదార్థం తోడు కావాలి. నెత్తురు జబ్బుకు మూలం కడుపులో ఉందని తేలడం ఆనాటి వైద్యులకు కొత్త పాఠం.

మన దేశంలోనూ ఇదే ప్రశ్న తలెత్తింది. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు వస్తున్న తీవ్ర రక్తహీనత గురించి లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు పరిశోధన చేశారు. ఈస్టు నుంచి తీసిన మార్మైట్ అనే చవక పదార్థం తినిపిస్తే వారు కోలుకుంటున్నారని 1931లో ఆమె ప్రకటించారు. ఈ మేలు చేస్తున్నది కాలేయంలోని మందేనా, మరొకటా అన్నది తేలలేదు.

సుబ్బారావు 1930లలో కాలేయ సారాన్ని విడదీసే పనికి పూనుకున్నారు. ముద్ద ముద్దగా ఉన్న సారాన్ని భాగాలుగా చేసి, ఒక్కో భాగాన్ని జంతువులపై పరీక్షించి, పని చేసేదాన్ని పట్టుకోవాలి. బండెడు ఊకలో సూది కోసం గాలించడం లాంటి పని అది. స్ప్రూ రోగులకు కూడా కాలేయ సారం కొంత ఉపశమనం ఇస్తున్నదని అప్పటికే వైద్యులు గమనించారు. అంటే సోదరుల ప్రాణం తీసిన జబ్బుకు విరుగుడు ఆ ముద్దలోనే ఎక్కడో ఉందన్నమాట.

లేడర్లీలో ఎనిమిదేళ్లు

1940లో సుబ్బారావు హార్వర్డు విడిచి, న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లేడర్లీ ప్రయోగశాలలకు వెళ్లారు. అక్కడ పరిశోధన విభాగం డైరెక్టరయ్యారు. ఆ తర్వాతి ఎనిమిదేళ్లలో ఆయన బృందాలు సాధించిన పని ఒక మనిషి జీవితకాలానికి మించినది.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. ఒకరకం బాక్టీరియా పెరగడానికి అవసరమైన పదార్థం కాలేయంలో ఉందని అప్పటికి తెలిసింది. 1941లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు పాలకూర ఆకుల నుంచి అటువంటి పదార్థాన్నే తీసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. అయితే టన్నుల కొద్దీ ఆకుల నుంచి, కాలేయం నుంచి దక్కేది చిటికెడు కూడా కాదు. రోగులకు ఇవ్వాలంటే దాన్ని ప్రయోగశాలలో తయారు చేయగలగాలి. లేడర్లీ బృందం 1945లో ఆ పని చేసి చూపింది. ఆ విజయాన్ని ప్రకటించిన వ్యాసంపై పదిమందికి పైగా శాస్త్రజ్ఞుల పేర్లున్నాయి. నాయకుడైన సుబ్బారావు పేరు ఆ వరుసలో అందరితోపాటు ఒకటిగా ఉంది.

మందు తయారవగానే అలబామా రాష్ట్రానికి చెందిన డాక్టర్ టామ్ స్పైస్ దాన్ని రోగులకు ఇచ్చి చూశారు. క్యూబా దీవిలో స్ప్రూతో తీసుకుంటున్నవారికి కూడా ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే నాలుక పూత మానింది. ఆకలి పుట్టింది. విరేచనాలు తగ్గుముఖం పట్టాయి. నెత్తురు మళ్లీ ఊరసాగింది. ఈ ఫలితాలు 1946లో ప్రచురితమయ్యాయి. గోదావరి తీరంలో ఇద్దరు అన్నదమ్ములను ఆదుకోలేకపోయిన వైద్యశాస్త్రం చేతికి వారి సోదరుని ప్రయోగశాల నుంచే ఆయుధం అందింది.

మేలులో దాగిన కీడు

కథ ఇంతటితో ముగిసి ఉంటే పండుగే. కాని జీర్ణకోశ వైద్యులందరూ గుర్తుంచుకోవలసిన పాఠం ఆ తర్వాతే వచ్చింది. పెర్నీషియస్ అనీమియా రోగులకు ఫోలిక్ ఆమ్లం ఇస్తే నెత్తురు బాగుపడింది. కాలేయం తినే బాధ తప్పిందని రోగులూ వైద్యులూ సంబరపడ్డారు. కాని నెలలు గడిచేకొద్దీ కొందరికి కాళ్లు చేతులు తిమ్మిరెక్కాయి. నడక తడబడింది. వెన్నుపాము దెబ్బతింటూ వచ్చింది. నెత్తురు పరీక్ష బాగుందని ధైర్యంగా ఉన్న వైద్యుని కళ్లెదుటే రోగి నరాలు పాడైపోయాయి.

ఫోలిక్ ఆమ్లం, కాలేయంలోని అసలు మందు ఒకటి కావని దీంతో రూఢి అయింది. అసలు మందు విటమిన్ బి12. దాన్ని 1948లో అమెరికాలోని మెర్క్ సంస్థ, బ్రిటన్‌లోని గ్లాక్సో సంస్థ విడివిడిగా శుద్ధి చేసి తీశాయి. సుబ్బారావు బృందం కూడా దానికోసం శ్రమించింది, అయితే ఆ కీర్తి ఇతరులకు దక్కింది. అప్పటి నుంచి వైద్యవిద్యలో ఒక నియమం స్థిరపడింది. పెద్ద కణాల రక్తహీనత కనిపించినప్పుడు బి12 లోపం ఉందో లేదో తేల్చుకోకుండా ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇవ్వరాదు. 1945లో పుస్తకం మూసేసిన వైద్యునికి ఈ నియమం తెలిసే అవకాశమే లేదు. మూడేళ్లలో పాఠం తిరగబడింది. ఆ మూడేళ్లూ చదువుతూ ఉన్న వైద్యుని దగ్గరికి వెళ్లిన రోగి నడవగలిగాడు.

స్ప్రూ విషయంలోనూ చదువు అక్కడితో ఆగలేదు. కొందరికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే చాలదని, బి12 ఇంజెక్షన్లు, నెలల తరబడి టెట్రాసైక్లిన్ మాత్రలు కూడా అవసరమని తర్వాతి వైద్యులు గ్రహించారు. 1960 ప్రాంతంలో ఉత్తర ఆర్కాట్ జిల్లా పల్లెల్లో ఈ జబ్బు ప్రబలినప్పుడు వేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు దాన్ని విస్తృతంగా అధ్యయనం చేశారు. గోధుమ పడనివారికి వచ్చే సీలియాక్ వ్యాధి కూడా దాదాపు ఇవే లక్షణాలతో ఉంటుంది. దాన్ని స్ప్రూ అనుకుని మాత్రలు ఇస్తూ పోతే రోగి కోలుకోడు. గోధుమ మానిపించాలి. ఆ సంగతి డచ్చి వైద్యుడు డిక్కె 1950లో తేల్చి చెప్పేదాకా వైద్య లోకానికి స్పష్టపడలేదు.

మట్టిలోంచి మందు

టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ సైతం సుబ్బారావు ఏలుబడిలోని లేడర్లీలోనే పుట్టింది. వృక్షశాస్త్రజ్ఞుడైన బెంజమిన్ డగ్గర్ విశ్వవిద్యాలయం నుంచి పదవీ విరమణ చేశాక ఆ సంస్థలో చేరారు. డెబ్బైయేళ్ల వయసు దాటిన ఆ పెద్దమనిషికి మట్టి నమూనాలు పరీక్షించే పని అప్పగించారు. మిస్సోరీ రాష్ట్రంలోని ఒక పొలం మట్టిలో దొరికిన బంగారు రంగు సూక్ష్మజీవి నుంచి ఆ మందు వచ్చింది. 1948లో దాన్ని లోకానికి ప్రకటించారు. పెన్సిలిన్‌కు లొంగని అనేక రోగక్రిములను అది అణచింది. 1994లో సూరత్ నగరంలో ప్లేగు భయం వ్యాపించినప్పుడు జనం మందుల షాపుల ముందు బారులు తీరింది ఈ జాతి మందుకే.

సోదరులను బలిగొన్న జబ్బుకు నేటి వైద్యులు రాసే రెండు ప్రధాన మందుల్లో ఫోలిక్ ఆమ్లం నేరుగా ఆయన ప్రయోగశాలలో తయారైంది. రెండోదైన టెట్రాసైక్లిన్ అక్కడ పుట్టిన ఆరియోమైసిన్ నుంచే వచ్చింది.

గోదావరి జిల్లాలవారికి బాగా తెలిసిన మరో పీడ బోదకాలు. దానికి కారణమైన సన్నని పురుగులను నాశనం చేసే డైఇథైల్ కార్బమజైన్ అనే మందును లేడర్లీ బృందం 1947లో ప్రకటించింది. దేశమంతటా బోదకాలు నిర్మూలన కోసం 2004 నుంచి చేపట్టిన సామూహిక మందుల పంపిణీలో ప్రజలకు మింగించిన మాత్ర ఇదే.

కేన్సర్ చికిత్సలోనూ ఆయన బృందం కొత్త దారి తెరిచింది. లుకేమియా సోకిన పిల్లలకు ఫోలిక్ ఆమ్లం జాతి పదార్థం ఇస్తే జబ్బు ముదురుతున్నదని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ గమనించారు. అయితే ఆ ఆమ్లానికి అడ్డుపడే పదార్థం ఇస్తే జబ్బు తగ్గవచ్చు గదా అని ఆలోచించారు. అటువంటి పదార్థాలను సుబ్బారావు బృందం తయారు చేసి ఇచ్చింది. వాటిలో అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగా జబ్బు వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు నేటికీ దాన్ని వాడుతున్నారు. దీర్ఘకాలం వాడితే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది గనుక తరచు కాలేయ పరీక్షలు చేయించాలన్నది వైద్యులు నేర్చుకున్న మరో పాఠం. ఆ దుష్ఫలితాలు తగ్గడానికి తోడుగా ఇచ్చేది మళ్లీ ఫోలిక్ ఆమ్లమే.

అర్ధాంతరంగా ముగిసిన జీవితం

ఇన్ని మందులు వెలుగు చూస్తున్న సమయంలోనే, 1948 ఆగస్టులో, పెర్ల్ రివర్‌లో సుబ్బారావు గుండె ఆగి నిద్రలోనే కన్నుమూశారు. ఆయనకు అప్పటికి 53 ఏళ్లు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి దాదాపు ఏడాది అయింది. స్వతంత్ర భారతాన్ని ఆయన చూడలేదు. పుట్టిన ఊరికీ, ఎదురుచూస్తున్న ఇల్లాలి దగ్గరికీ తిరిగి రాలేదు. నోబెల్ బహుమతి రాలేదు. కంపెనీ మందులకు తన పేరు పెట్టుకోలేదు. సభల్లో తన బృందంలోని వారిని ముందుకు నెట్టి తాను వెనక ఉండేవారని ఆయనతో పనిచేసినవారు చెప్పుకునేవారు.

పోయిన తర్వాత కొన్ని గుర్తులు మిగిలాయి. ఒక బూజు జాతికి శాస్త్రజ్ఞులు ఆయన పేరిట సుబ్బారోమైసెస్ అని నామకరణం చేశారు. లేడర్లీలోని గ్రంథాలయానికి ఆయన పేరు పెట్టారు. జీవితమంతా విద్యార్థిగా గడిపిన మనిషికి గ్రంథాలయం కంటె తగిన స్మారకం లేదు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఆయన పోయాక కూడా ఫోలిక్ ఆమ్లం కొత్త మేళ్లు చేస్తూనే వచ్చింది. గర్భం రాకముందు నుంచే తల్లి ఈ మాత్ర వేసుకుంటే బిడ్డకు వెన్నుపాము లోపాలు రాకుండా చాలావరకు నివారించవచ్చని బ్రిటన్ వైద్య పరిశోధన మండలి నడిపిన అధ్యయనం 1991లో నిరూపించింది. మన దేశంలో గర్భిణులకు ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇచ్చే పథకం 1970లోనే మొదలైంది. ఊరి ఆరోగ్య కేంద్రంలో ఆ మాత్ర అందుకునే ఆడపడుచు అది భీమవరం బిడ్డ బృందం తయారు చేసిన మందని ఎరగదు.

వైద్యులు ఐదేళ్లకొకసారి కనీసం 30 గంటలపాటు కొత్త విషయాలు నేర్పే సదస్సుల్లో పాల్గొనాలని 2002లో నాటి భారత వైద్య మండలి తన నియమావళిలో నిర్దేశించింది. ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయలుదేరిన సుబ్బారావుకు ఎవరూ గంటలు లెక్కగట్టి చెప్పలేదు. శరీర నిర్మాణం బోధిస్తూ ఆయుర్వేదం నేర్చుకున్నారు. ఉష్ణమండల వ్యాధులు చదివి రసాయన శాస్త్రంలోకి నడిచారు. భాస్వరం కొలవడం నుంచి కాలేయానికి, కాలేయం నుంచి సూక్ష్మజీవులకు, అక్కడి నుంచి కేన్సర్‌కు సాగారు. ప్రతి మజిలీలోనూ తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుని మొదటి పాఠం నుంచి మొదలుపెట్టారు. విరేచనాలతో, రక్తహీనతతో చిక్కి శల్యమైన రోగి తన ముందు కూర్చున్నప్పుడు, నిరుడు నేర్చుకున్నది ఈ ఏడు కూడా నిజమేనా అని ఒకసారి సరిచూసుకునే ప్రతి వైద్యుడూ ఆయన బాటలో నడుస్తున్నట్టే.